యూకేలో మనం రాజకీయం మాట్లాడవచ్చా? 2004 నుంచి ఇక్కడున్నవాడిగా నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వచ్చి పద్నాలుగు నెలలైంది, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నావు, లంచ్ టైములో కొలీగ్స్ రాజకీయాలు మాట్లాడుకుంటుంటే నువ్వు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నావు. మన తెలుగు వాట్సాప్ గ్రూపులు తెరిస్తేనేమో "ఇక్కడ పోస్టు పెడితే రోజుకు 30 మందిని లోపలేస్తున్నారు", "ఈ దేశం దివాళా తీసింది, ఉన్న డబ్బంతా ఇండియాకు పంపేయండి" అని రోజూ ఫార్వర్డులు. ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చేదాకా నోరు మూసుకుని ఉండటమే మంచిదా అని అడిగావు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూసుకోవద్దు. కానీ ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో తెలుసుకో, ఎందుకంటే నువ్వు భయపడుతున్న చోట ప్రమాదం తక్కువ, నువ్వు చూడని చోట ఎక్కువ.

ముందు ఆ రోజుకు 30 మంది సంగతి. ఆ లెక్క పుట్టించింది కాదు. 2023లో ఇంగ్లండ్, వేల్స్‌లోని 37 పోలీసు విభాగాలు కలిపి 12 వేలకు పైగా అరెస్టులు చేశాయని టైమ్స్ పత్రిక లెక్కలు తీసి రాసింది, దాన్ని 365తో భాగిస్తే ముప్పై పైనే వస్తుంది. అయితే ఆ అరెస్టులన్నీ రెండు చట్టాల కింద జరిగినవి, 1988 నాటి మలీషియస్ కమ్యూనికేషన్స్ యాక్ట్, 2003 నాటి కమ్యూనికేషన్స్ యాక్ట్‌లోని సెక్షన్ 127. విడిపోయిన భార్యను చంపుతానని మెసేజ్‌లు పెట్టేవాడు, తెలియని అమ్మాయికి బూతు ఫొటోలు పంపేవాడు, అర్ధరాత్రి ఫోన్లు చేసి వేధించేవాడు, వీళ్లు కూడా ఈ చట్టాల కిందికే వస్తారు. ప్రభుత్వాన్ని తిట్టినందుకు రోజుకు 30 మంది జైలుకు పోతున్నారని చదివితే అది తప్పు. అదే ఏడాది ఈ చట్టాల కింద కోర్టులో శిక్ష దాకా వెళ్లినవాళ్లు పదకొండు వందల చిల్లర మంది మాత్రమే.

అలాగని అంతా బాగుంది అని నేను అనను. పన్నెండు వేల మందిని పట్టుకుని పదో వంతు మందికి కూడా శిక్ష పడలేదంటే మిగతావాళ్ల సంగతేమిటి? ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పోలీసుల దగ్గర నెలల తరబడి ఉండిపోతాయి, పక్కింటివాళ్లు చూస్తుండగా వ్యాన్ ఎక్కాల్సి వస్తుంది, ఆఫీసులో ఏం చెప్పాలో తెలియదు. అరెస్టే శిక్ష అయిపోతుంది. 2025 జనవరిలో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక జంటను, పిల్లల స్కూలు గురించి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో, ఈమెయిళ్లలో ఘాటుగా రాసినందుకు ఇంటికొచ్చి తీసుకెళ్లి గంటల తరబడి సెల్‌లో పెట్టారు. తర్వాత ఆ అరెస్టు చట్టవిరుద్ధమని ఒప్పుకుని పోలీసులే 20 వేల పౌండ్లు పరిహారం కట్టారు. అది చదివిన రోజు నేను నిజంగా కలవరపడ్డాను, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నేను మెయింటెనెన్స్ వాళ్ల మీద అంతకంటే గట్టిగా రాశాను.

అసలు లోపం ఆ సెక్షన్ 127 మాటల్లోనే ఉంది. "తీవ్రంగా అభ్యంతరకరమైన" సందేశం పంపితే నేరం అంటుంది. ఎవరికి అభ్యంతరకరం, ఎంత తీవ్రం, దీనికి కొలత లేదు. ఇక్కడ మనకు బాగా దగ్గరైన విషయం ఒకటుంది. మన ఐటీ చట్టంలోని 66ఏ గుర్తుందా? అందులోనూ ఇవే మాటలు, బ్రిటిష్ చట్టాల నుంచి వచ్చినవే. 2013లో చీరాల ఎమ్మెల్యే మీద, అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్య మీద ఫేస్‌బుక్‌లో రాశారని మన పౌరహక్కుల కార్యకర్త ఒకావిడను అరెస్టు చేసింది ఆ సెక్షన్ కిందే. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ 66ఏని పూర్తిగా కొట్టేసింది, ఈ మాటలకు అర్థం స్పష్టంగా లేదు, మామూలు మనిషి తాను ఎక్కడ తప్పు చేస్తున్నాడో తెలుసుకోలేడు అని చెప్పి. అవే మాటలు బ్రిటన్‌లో ఇంకా చట్టంగా ఉన్నాయి. ఇక్కడ పుట్టిన మాటను అక్కడ తీసేశాం, ఇక్కడ మాత్రం ఉంచుకున్నారు. ఈ దేశానికి పార్లమెంటే సర్వోన్నతం, మన దగ్గరలాగా కోర్టు ఒక చట్టాన్ని కొట్టేయలేదు, మార్చాలంటే ఎంపీలే మార్చాలి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకో, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కోర్టులు మాత్రం చాలాసార్లు మాట్లాడేవాడి పక్షానే నిలబడ్డాయి. 2010 జనవరిలో మంచుకు విమానాశ్రయం మూతపడిందని విసుగుతో "వారంలో తెరవకపోతే పేల్చేస్తా" అన్న అర్థంలో ట్విట్టర్‌లో సరదాగా రాసినవాడికి కింది కోర్టు జరిమానా వేసింది, అతని ఉద్యోగం పోయింది, కానీ 2012లో హైకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. అంతకుముందు 1999లో, వేక్‌ఫీల్డ్ చర్చి మెట్ల మీద ప్రచారం చేస్తున్న ఆడవాళ్ల అరెస్టు కేసులో జస్టిస్ సెడ్లీ ఒక మాటన్నారు, ఎవరినీ నొప్పించకుండా మాత్రమే మాట్లాడే స్వేచ్ఛ ఉంటే ఆ స్వేచ్ఛకు విలువే లేదని. నాకు ఈ దేశం మీద గౌరవం ఇలాంటి తీర్పులు చూసే. కాకపోతే ఆ హైకోర్టు దాకా వెళ్లడానికి ఆ మనిషికి రెండున్నరేళ్లు పట్టింది.

ఇక 2024 ఆగస్టు. నువ్వు అప్పటికి రాలేదు కాబట్టి చెప్పాలి. జులై 29న సౌత్‌పోర్ట్‌లో డాన్స్ క్లాసుకెళ్లిన ముగ్గురు చిన్నపిల్లలను పొడిచి చంపాడొకడు. పడవలో వచ్చిన శరణార్థి అని గంటల్లో అబద్ధం పాకింది, వాడు ఇక్కడి కార్డిఫ్‌లోనే పుట్టినవాడు. వారం రోజులు ఊళ్లు తగలబడ్డాయి, రోథరమ్ దగ్గర శరణార్థులు ఉన్న హోటల్‌కు మనుషులు లోపల ఉండగానే నిప్పు పెట్టారు. మా గ్రూపుల్లో ఆగస్టు 7న దాడులు జరిగే ఊళ్ల జాబితా అని ఒకటి తిరిగింది, మా వీధిలో మనవాళ్ల కిరాణా షాపు ఆయన మధ్యాహ్నం రెండింటికే షట్టర్ దించాడు, మా ఆవిడ పిల్లల్ని సమ్మర్ క్యాంపుకు పంపలేదు. ఆ సాయంత్రం దాడి చేసేవాళ్లు రాలేదు, వాళ్లకు ఎదురుగా వేలమంది మామూలు జనం వాల్తమ్‌స్టో, బ్రైటన్, బ్రిస్టల్ వీధుల్లో నిలబడ్డారు. నేను టీవీ ముందు కూర్చుని ఏడ్చాను, చెప్పడానికి సిగ్గుపడను.

ఆ రోజుల్లోనే "హోటళ్లన్నిటికీ నిప్పు పెట్టండి" అని రాసిన ఒక కౌన్సిలర్ భార్యకు 31 నెలల జైలు శిక్ష పడింది. పోస్టును కొన్ని గంటల్లో తీసేసింది, కానీ అప్పటికే మూడు లక్షల మంది చూశారు. ఇక్కడ చాలామంది ఆమెను స్వేచ్ఛ కోసం బలైన మనిషిగా చూస్తారు, నీ కొలీగ్స్‌లోనూ ఉండొచ్చు. నా అభిప్రాయం వేరు. ఆ వారం అలా రాయడం అభిప్రాయం చెప్పడం కాదు, అది రెచ్చగొట్టడమే, ఆమె కూడా కోర్టులో నేరం ఒప్పుకుంది. శిక్ష ఎక్కువైందా అంటే మాత్రం, అవును, ఎక్కువే అనిపిస్తుంది. ఇంకోవైపు చూడు. పాలస్తీనాకు మద్దతుగా ఆందోళనలు చేసే పాలస్తీన్ యాక్షన్ అనే సంస్థను 2025 జులైలో ఉగ్రవాద చట్టం కింద నిషేధించారు, ఆ ఆగస్టులో లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో అట్ట ముక్క మీద దాని పేరు రాసి పట్టుకున్నందుకు ఒక్క రోజులో ఐదు వందల మందికి పైగా అరెస్టయ్యారు, అందులో చాలామంది అరవై, డెబ్బై దాటినవాళ్లు. బోర్డు పట్టుకుని కూర్చున్న ముసలాయన ఉగ్రవాది అంటే నేను ఒప్పుకోను. మొదటి కేసు మీద గొంతు చించుకున్నవాళ్లలో చాలామంది రెండోదానికి నోరెత్తలేదు, రెండోదానికి ఏడ్చినవాళ్లు మొదటిదానికి సంతోషించారు. తన పక్షం వాడి నోరు మూస్తేనే జనానికి స్వేచ్ఛ గుర్తొస్తోంది, ఇది నాకు బాధగా ఉంటుంది.

నీకు పనికొచ్చే నియమం ఒకటే చెప్తాను. ఫలానా పార్టీ దండగ, ఫలానా మంత్రి పనికిరాడు, పన్నులు అన్యాయం, వలస విధానం తప్పు, ఇవన్నీ హాయిగా రాసుకో, ఎవడూ రాడు. ఒక మతాన్ని, జాతిని కొట్టమని, తగలబెట్టమని ఎవరు పంపినా ముందుకు పంపకు, నవ్వు బొమ్మ కూడా పెట్టకు. ఒకవేళ ఎప్పుడైనా పోలీసు స్టేషన్‌కు పిలిస్తే, ఎంత చిన్న విషయమైనా సరే, డ్యూటీ సొలిసిటర్ కావాలని అడుగు. అది ఎంత జీతం ఉన్నవాడికైనా ఉచితం. "మన తప్పేం లేదు కదా, లాయర్ ఎందుకు" అని మనవాళ్లు గబగబా అన్నీ చెప్పేస్తారు, అక్కడే చిక్కుకుంటారు. పన్నెండు నెలలు, ఆపైన జైలు శిక్ష పడితే పాస్‌పోర్టు మనది కాబట్టి డిపోర్టేషన్ తప్పదన్నంత పనవుతుంది.

కానీ నీ నోటికి అసలు తాళం పోలీసుల దగ్గర లేదు. నీ స్పాన్సర్ దగ్గరుంది, అంటే నీ వీసా ఆధారపడిన కంపెనీ దగ్గర. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి, ఆ భయంతోనే మనం లంచ్‌లో తల దించుకుని తింటాం. ఎందుకు తప్పు పడతాను, నేనూ మొదటి ఆరేళ్లు అలాగే తిన్నాను. ఇక్కడొక రక్షణ ఉంది, చాలామంది హెచ్ఆర్ వాళ్లకే సరిగా తెలియదు. మామూలుగా అన్యాయంగా తీసేశారని ఉద్యోగ వివాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే రెండేళ్ల సర్వీసు ఉండాలని నియమం ఉండేది, ఇప్పుడు దాన్ని తగ్గిస్తూ చట్టం చేశారు. కానీ రాజకీయ అభిప్రాయం కారణంగా తీసేస్తే 2013 నుంచే ఆ గడువు అక్కర్లేదు, మొదటి రోజు నుంచే వెళ్లవచ్చు. గెలుస్తావని కాదు, వెళ్లవచ్చని. కాబట్టి లంచ్‌లో నెమ్మదిగా మాట్లాడు, ఎవరికి ఓటేశావని మాత్రం ఎవరినీ అడగకు, ఇక్కడ అది జీతం అడిగినంత మొరటు.

ముందు విను కూడా. "జనం ఎక్కువైపోయారు" అని నీ ముందు ఎవరైనా అంటే వెంటనే ద్వేషం అనుకోవద్దు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస, అంటే వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లను తీసేస్తే మిగిలేది, తొమ్మిది లక్షలు దాటింది, వీసాలిచ్చింది అప్పటి ప్రభుత్వమే, ఇళ్లు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు మాత్రం సరిపడా పెంచలేదు. 2025 జూన్‌కల్లా అది రెండు లక్షల చిల్లరకు పడిపోయింది, ఇది చెప్తే వాళ్లకే ఆశ్చర్యం వేస్తుంది, చెప్పు. 2024 ఎన్నికల్లో లేబర్ పార్టీకి 34 శాతం లోపు ఓట్లతో 411 సీట్లొచ్చాయి, వలసలు తగ్గించాలనే రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లకు ఐదే వచ్చాయి. మన దగ్గర ఉన్న పద్ధతే కాబట్టి నీకు అర్థమవుతుంది, తమ ఓటు గాలికి పోయిందన్న కోపం ఆ మాటల వెనక ఉంటుంది.

డబ్బు సంగతి. దేశం దివాళా తీయలేదు, తీయదు కూడా. అప్పు దాదాపు దేశ వార్షికోత్పత్తి అంత ఉంది, దాని మీద వడ్డీకే ఏడాదికి వంద బిలియన్ పౌండ్లు పైన పోతోంది, ఇది నిజంగా బరువే. కానీ అప్పు ఎక్కువగా సొంత కరెన్సీలో ఉంది. బ్యాంకులో నీ డబ్బుకు 2025 డిసెంబరు నుంచి ఒక్కో బ్యాంకుకు లక్షా 20 వేల పౌండ్ల దాకా హామీ ఉంది, అంతకుముందు 85 వేలే. అన్నీ ఊడ్చి ఇంటికి పంపాల్సిన పనేం లేదు. రాజకీయం మన జేబులోకి ఎలా వస్తుందో నాకు నేర్పింది 2022 సెప్టెంబరు 23. అప్పటి ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం 45 బిలియన్ల పన్ను కోతలు ప్రకటించింది, డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో చెప్పలేదు. మూడు రోజుల్లో పౌండ్ 1.03 డాలర్ల దగ్గరకు పడింది, పెన్షన్ ఫండ్లు కూలకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగాల్సి వచ్చింది, ఆవిడ అక్టోబరులో దిగిపోయింది. నా మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఫిక్స్‌డ్ వడ్డీ గడువు 2023 జనవరిలో అయిపోయింది. 1.8 శాతం ఉన్నది 5.2 అయింది, నెలకు 460 పౌండ్ల దాకా పెరిగింది. వడ్డీలు అప్పటికే పెరుగుతున్నాయి, మొత్తం ఆవిడ తప్పే అనను, కానీ నేను రాజకీయాలతో మనకేం పని అనడం ఆ నెలతో మానేశాను.

గ్రూపుల్లో ఎవరూ మాట్లాడనిది, నిన్ను రోజూ తాకేది, పన్ను హద్దుల స్తంభన. పన్ను లేని మొత్తం 12,570 పౌండ్లు, 40 శాతం మొదలయ్యే హద్దు 50,270. వీటిని 2021 మార్చి బడ్జెట్‌లో కన్సర్వేటివ్ ఛాన్సలర్‌గా, అంటే ఆర్థికమంత్రిగా, రిషి సునాక్ ఆపేశారు, ఆ తర్వాత ధరలు ఒక దశలో ఏడాదికి 11.1 శాతం పెరిగాయి, హద్దులు కదల్లేదు. పనిచేసేవాళ్ల మీద పన్ను రేట్లు పెంచబోమని చెప్పి గెలిచిన లేబర్ 2025 నవంబరు బడ్జెట్‌లో ఈ స్తంభనను 2031 దాకా పొడిగించింది. రేటు పెంచలేదు, మాట నిలబెట్టుకున్నాం అంటారు. నీ జీతం ధరలతోపాటే 45 వేల నుంచి 55 వేలు అయిందనుకో, నువ్వు పైసా ధనవంతుడివి కాలేదు, కానీ పైన ఉన్న 4,730 పౌండ్ల మీద నేషనల్ ఇన్సూరెన్స్‌తో (జీతంలోంచి కోసే సామాజిక భద్రత చందా) కలిపి 28 శాతం బదులు 42 శాతం పోతుంది, అంటే ఏడాదికి 660 పౌండ్లు అదనం. ఇది ఓటర్ల ముందు సూటిగా చెప్పకుండా తీసుకున్న పన్ను. రెండు పార్టీలూ ఇదే చేశాయి, ఇద్దరి మీదా నాకు ఒకే కోపం. ఆఫీసు పెన్షన్‌లో ఇంకొంచెం ఎక్కువ వేసుకుంటే ఈ భారం కొంత తగ్గుతుంది, మీ హెచ్ఆర్‌ను అడుగు. ఎప్పుడైనా లక్ష పౌండ్ల జీతం దగ్గరికి వస్తే తప్పకుండా లెక్క వేయించుకో, అక్కడి నుంచి 1,25,140 దాకా ప్రతి అదనపు పౌండులో అరవై పెన్నీలు ఆదాయపు పన్నుకే పోతాయి, చిన్నపిల్లలుంటే నర్సరీ సాయం కూడా ఆగిపోతుంది.

ఇక అన్నిటికంటే నీకు పెద్దది ఐఎల్ఆర్. 2025 మేలో ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రంలో, దానికోసం ఇక్కడ ఉండాల్సిన ఐదేళ్లను పదేళ్లు చేస్తామన్నారు, నవంబరులో హోం సెక్రటరీ షబానా మహమూద్ వివరాలు ప్రకటిస్తూ ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకూ వర్తింపజేయాలని ప్రతిపాదించారు. పదేళ్లు అంటే ఏడాదికి మనిషికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్, వీసా ఫీజులు, మళ్లీ మళ్లీ స్పాన్సర్ దయ. ఆట మధ్యలో నియమాలు మార్చడం అన్యాయం. నియమం చూసి నమ్మి వచ్చినవాడికి ఆ నియమమే ఇవ్వాలి. మేలో ఆ మాట వచ్చాక చాలామంది భయపడకుండా పార్లమెంటు వెబ్‌సైట్‌లో పిటిషన్ల మీద సంతకాలు పెట్టారు, పౌరసత్వం లేకపోయినా ఇక్కడ నివసించేవాళ్లెవరైనా పెట్టవచ్చు. పది వేలు దాటితే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. ఐదేళ్ల దారిని ఉంచాలన్న పిటిషన్ లక్ష దాటి 2025 సెప్టెంబరులో ఎంపీల ముందు చర్చకు వచ్చింది. నీలాంటి కుర్రాళ్ల సంతకాలతోనే వచ్చింది.

ఇందాక ఎంపీలే మార్చాలని అన్నాను కదా. నీకు ఇక్కడ ఓటు ఉంది, తమ్ముడూ. కామన్వెల్త్ దేశాల వాళ్లకు, అంటే మనకు, వీసా మీద ఇక్కడ నివసిస్తున్నా సరే పార్లమెంటు ఎన్నికల్లో, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. నాకు ఇది 2010లో, వచ్చిన ఆరేళ్లకు, మా వీధిలో కరపత్రాలు పంచుతున్న ఒక పెద్దావిడ చెప్తే తెలిసింది. అప్పటి నుంచి ఐదు పార్లమెంటు ఎన్నికల్లో వేశాను, ఇప్పటికీ నాది ఇండియన్ పాస్‌పోర్టే. దీనివల్ల భారత పౌరసత్వం పోదు, వీసాకు ఏమీ కాదు, పైగా ఓటర్ల జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకు మంచిది, రేపు కారు లోన్‌కో ఇంటి లోన్‌కో పనికొస్తుంది. ఎవరికి వేశావో నీ స్పాన్సర్‌కు ఎప్పటికీ తెలియదు. ఎంపీకి మెయిల్ రాసేటప్పుడు మొదటి లైన్లోనే నీ అడ్రసు, పోస్ట్‌కోడ్ పెట్టు, అవి లేకపోతే వాళ్ల ఆఫీసు జవాబివ్వదు. నేను ఐఎల్ఆర్ మీద రాస్తే మా ఎంపీ ఆఫీసు నుంచి మూడు వారాలకు జవాబు వచ్చింది, తర్వాత ఆవిడ శుక్రవారం సర్జరీలో, అంటే ఎంపీ తన నియోజకవర్గం జనాన్ని కలిసే సమయంలో, పది నిమిషాలు కూర్చుని మాట్లాడాను. నేను అన్నదానితో ఆవిడ పూర్తిగా ఏకీభవించలేదు, కానీ అంతా రాసుకుంది.

రిజిస్టర్ చేసుకోవడానికి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాలు చాలు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకో. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి, రూములు మారే మనవాళ్లు ఇక్కడే పోగొట్టుకుంటారు. పోలింగ్ మామూలుగా గురువారం, ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా, ఆఫీసు అయ్యాక వెళ్లినా సరిపోతుంది. ఫొటో ఐడీ అడుగుతారు, మన ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది.